ఈల్డ్ 22 శాతమే వచ్చింది, ప్రొఫెసర్‌కు రాయాలా దాచాలా?

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. నాకు బాగా నచ్చిన ఒక విశ్వవిద్యాలయ రీసెర్చ్ గ్రూపు ఈ మధ్యే తన వార్తలు ప్రకటించింది. మూడు పేపర్లు అచ్చయ్యాయట, ఒకరి థీసిస్ డిఫెన్స్ అయిందట, కొత్త గ్లవ్ బాక్స్ వచ్చిందట. ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు, ఒక పోస్ట్‌డాక్, వేసవికి ఇద్దరు ఇంటర్న్‌లు కావాలట. చదువుతుంటే ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. ఇప్పటికే నలభై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెడితే ఇద్దరే జవాబిచ్చారు, అదీ ఖాళీ లేదని. నా ప్రాజెక్టులో సుజుకి కప్లింగ్ (రెండు అణువుల ముక్కల్ని అతికించే రియాక్షన్) చేశాను, 4-బ్రోమో అసిటోఫినోన్‌తో ఫినైల్ బోరోనిక్ ఆసిడ్. పేపర్‌లో ఈల్డ్, అంటే రావాల్సిన దాంట్లో చేతికొచ్చిన పదార్థం, 85 శాతం అని ఉంటే నాకు 22 శాతమే వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూపే టీఎల్‌సీ ప్లేటు మీద బ్రోమైడ్ స్పాట్ చివరిదాకా పోలేదు. పదార్థాలను విడదీసే కాలమ్‌లో అన్నిటికంటే ముందు ఏవో తెల్లటి స్ఫటికాలు దిగాయి, ఒక వయల్‌లో పోసి వదిలేశాను. ఈ ప్రాజెక్టు గురించి ప్రొఫెసర్‌కు రాయాలా, దాచాలా? ఆర్గానిక్ ల్యాబ్ ఒంటికి మంచిది కాదని ఇంట్లో వాళ్లు అంటున్నారు. అది కూడా టెన్షన్‌గా ఉంది. అసలు ఈ గ్రూపుకి అప్లై చెయ్యమంటారా?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: చెయ్యండి. 22 శాతం సంగతి కూడా రాయండి. ఆ వయల్‌ను మాత్రం ఎవరూ కడిగెయ్యకుండా లేబుల్ అంటించి భద్రంగా పెట్టండి, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఆ ప్రకటన చూద్దాం. గ్రూపు వార్తల్లో అబద్ధాలు ఉండవు. కాకపోతే అవి కలిసొచ్చిన రోజుల లెక్క. ఆరు వారాలు కష్టపడి చేసుకున్న మధ్య దశ పదార్థం, సాల్వెంట్‌ను ఆవిరి చేసే రోటావాప్ మీద ఒక్కసారిగా పొంగి బంప్ ట్రాప్‌లోకి పోయిన సాయంత్రం ఏ గ్రూపు వార్తల్లోనూ కనబడదు. మూడు పేపర్లు అచ్చయ్యాయంటే వాటి వెనక అచ్చుకాని పని ఎంత ఉందో ఆ బెంచీల దగ్గర నిలబడ్డవాళ్లకే తెలుసు. అందుకని ఆ వార్తలు చూసి మీరు భయపడక్కర్లేదు. కూర్చుని లెక్క తియ్యండి చాలు.

నన్నడిగితే, మీరు రాసిన వార్తలన్నిటిలోకీ పనికొచ్చేది థీసిస్ డిఫెన్స్ అయిన ఆ ఒక్కరి సంగతి. ఏ ఏడు చేరారు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? ఆ గ్రూపు ఐదారేళ్ల పాత వార్తలు వెనక్కి తిప్పి, కొత్తగా చేరినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే డిఫెన్స్ అయినవాళ్ల పేర్లు రాయండి. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నవాళ్లను తీసెయ్యండి. రెండు వరసలూ దాదాపు కలిస్తే సంతోషం. ఎనిమిది మంది చేరితే ముగ్గురే డిగ్రీతో బయటికి వచ్చి, మిగతావాళ్ల జాడ ఏ వార్తలోనూ లేకపోతే, ఆ విషయం అడిగి తెలుసుకోవాల్సిందే. చేరేటప్పుడు ఫొటో వేసి, వెళ్లేటప్పుడు ఒక్క మాట రాయని గ్రూపుల్ని చూశాను. అక్కడ ఏదో జరిగిందని తీర్పు చెప్పలేం గాని, కాస్త ఆగి చూడాలి.

పేపర్ల విషయానికొస్తే, సంఖ్య చూసి మోసపోకండి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో అన్ని గ్రూపుల పనీ ఒక తూకానికి రాదు. కొత్త రియాక్షన్ కనిపెట్టే గ్రూపుల్లో, కండిషన్లు ఒకసారి కుదిరాక ముప్పై నలభై సబ్‌స్ట్రేట్లు (ఆ రియాక్షన్‌కు లోనయ్యే పదార్థాలు) వరసగా చేసి పట్టిక నింపుతారు, ఏడాదికి ఒక పేపర్ వచ్చినా ఆశ్చర్యం లేదు. టోటల్ సింథసిస్ గ్రూపులు వేరు. ఒక సహజ పదార్థాన్ని మొదటినుంచీ కట్టుకురావడం ఏళ్ల తరబడి సాగే పని. విటమిన్ బి12 సింథసిస్‌నే చూడండి. వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ గ్రూపులు రెండూ కలిసి, దాదాపు 100 మంది పనిచేస్తే దశాబ్దానికి పైగా పట్టి 1970ల మొదట్లో పూర్తయింది. అలాంటి చోట మీ పీహెచ్‌డీ మొత్తం ఒక్క పేపర్‌లో, పదిమంది పేర్ల మధ్య ముగిసిపోవచ్చు. అందులో తప్పేమీ లేదు, నేర్చుకునే చేతిపని మాత్రం మరెక్కడా దొరకదు. మీకు ఏది సరిపడుతుందో తెలుసుకుని దిగండి.

మొదటి పేరు ఎవరిదో కూడా చూడండి. మూడు పేపర్లకూ మొదటి పేరు ఒకే పోస్ట్‌డాక్‌దైతే ఒక కథ, ముగ్గురు వేర్వేరు విద్యార్థులదైతే ఇంకో కథ. పేపర్‌తో పాటు వచ్చే సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ ఫైలును చాలామంది తెరవరు. తెరవండి. ఒక గ్రూపు అసలు స్వభావం అందులో బయటపడుతుంది. ఎన్ని మిల్లీగ్రాములు తీసుకున్నారు, ఎంతసేపు కలిపారు, కాలమ్‌కు ఏ నిష్పత్తిలో సాల్వెంట్ వాడారు అన్నది ఇంకొకరు చదివి చెయ్యగలిగేలా రాశారా? అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎమ్‌ఆర్ స్పెక్ట్రమ్‌లు పూర్తిగా పెట్టారా, లేక పీక్‌ల అడుగు గీతను (బేస్‌లైన్) మరీ నున్నగా తుడిచేసినట్టు కనబడుతున్నాయా? ఈ విషయంలో నాకు ఆర్గానిక్ సింథసీస్ అన్న వార్షిక సంపుటాలంటే గొప్ప గౌరవం. 1921 నుంచి వస్తున్నాయి. అందులో ఏ పద్ధతైనా అచ్చు కావాలంటే ముందు సంపాదకవర్గంలో ఒకరి ల్యాబ్‌లో మళ్లీ చేసి చూస్తారు. మామూలు పత్రికల్లో ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి పేపర్‌లో 85 అని ఉంటే, ఆ చేతులకి, ఆ రోజు, ఆ సీసాలో పదార్థంతో 85 వచ్చిందని అర్థం. మీకు 22 రావడం ఒక సమాచారం. దాన్ని అవమానంగా ఎందుకు తీసుకున్నారో నాకు తెలుసు, నేనూ అలాగే తీసుకునేదాన్ని.

గ్రూపు కొత్తదా పాతదా అన్నది కూడా చూసుకోండి. పెద్ద పేరున్న గ్రూపులో ముప్పై మంది ఉంటారు, ప్రొఫెసర్ నెలకోసారి కనబడతారు, రోజూ నేర్పేది మీ పక్క బెంచీ సీనియర్. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురే ఉంటారు, ఆయనే పక్కన నిలబడి ఫ్లాస్కు మూతికుండే రబ్బరు సెప్టమ్‌లోకి సూది ఎలా గుచ్చాలో చూపిస్తారు. కొత్తవాళ్లని తక్కువ అంచనా వెయ్యకండి. 2021లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న బెంజమిన్ లిస్ట్, డేవిడ్ మెక్‌మిలన్ ఇద్దరూ ఆ పేరు తెచ్చిపెట్టిన మొదటి పేపర్లు 2000లో వేశారు. అప్పటికి ఇద్దరూ సొంత గ్రూపు పెట్టుకుని ఒకటి రెండేళ్లే. ప్రోలీన్ అనే మామూలు అమినో ఆమ్లం ఫ్లాస్కులో వేసి చూద్దామన్న ఆలోచన ఎంత చిన్నగా కనబడి ఉంటుందో ఊహించండి. అలాగని ప్రతి కొత్త గ్రూపూ అంత దూరం పోతుందని కాదు. నిధులు అయిపోయే ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ.

గ్లవ్ బాక్స్ వార్త మీకు చెప్పేది ఒక్కటే, గాలి, తేమ తగలకూడని పదార్థాలతో పని మొదలెట్టారని. అది మీకు ఇష్టమైతే మంచిదే. వార్తలతో పాటు వేసిన ల్యాబ్ ఫొటోలు మాత్రం పెద్దది చేసి చూడండి. బెంచి ముందు నిలబడినవాళ్ల కళ్లకి గాగుల్స్ ఉన్నాయా? ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అద్దం కిందికి దింపి ఉందా, లేక సీసాలు నింపేసి గోదాములా చేశారా? ఫొటో తీసే రోజు కూడా గాగుల్స్ పెట్టుకోని గ్రూపు మిగతా రోజుల్లో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

ఇక అవకాశాలు. ఇందులో పోస్ట్‌డాక్ మీది కాదు, దానికి పీహెచ్‌డీ ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లో ఒక మెలిక ఉంది. చాలాచోట్ల ఆ వేసవిలో మీరు ఇంకా ఎక్కడో ఒకచోట విద్యార్థిగా నమోదై ఉండాలంటారు. మీది చివరి సెమిస్టర్ కాబట్టి, ఫలితాలు వచ్చేశాక మీకు ఆ అర్హత పోవచ్చు. ముందే అడిగి తెలుసుకోండి. పీహెచ్‌డీ సీటు దగ్గర చూడాల్సింది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. ప్రాజెక్టు నిధి ఉందా, మీరే ఫెలోషిప్ తెచ్చుకోవాలా, ఎన్నేళ్లకు ఉంది, అది అయిపోతే టీచింగ్ అసిస్టెంట్‌గా పెడతారా? ఈ ప్రశ్న అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడేవాళ్లు చాలామంది. మంచి గైడ్ ఏమీ అనుకోడు. అనుకుంటే మీకే మేలు, ముందే తెలిసింది. యూరప్ వాళ్ల మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ సీట్లయితే ఇంకో నియమం ఉంది. చేరడానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో నివసించి ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం చదవక చివరి నిమిషంలో వెనక్కి వచ్చిన అప్లికేషన్లు ఉన్నాయి. ఇంకొకటి, ప్రొఫెసర్ పేరు చెప్పి సీటు ఖాయం చెయ్యడానికి డబ్బు పంపమని ఎవరైనా అడిగితే అది మోసమే, ఆలోచించనక్కర్లేదు. విశ్వవిద్యాలయం తన సొంత పద్ధతిలో తీసుకునే దరఖాస్తు రుసుము వేరు.

ఇప్పుడు మీ నలభై మెయిళ్ల సంగతి. మీరు నాకు ఆ మెయిల్ పంపలేదు, అయినా అందులో ఏముందో చెప్పగలను. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ పరిశోధనలంటే నాకు ఎంతో ఆసక్తి. నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను. నా సీవీ జతపరిచాను." అవునా? ఆ నలభైలో ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టినా ఆ మెయిల్ సరిపోతుంది. చిక్కంతా అక్కడే. వాటిని చదివేవాళ్లకు ఆ తేడా రెండు సెకన్లలో తెలిసిపోతుంది. నేను కొన్నాళ్లు ఒక గ్రూపులో వచ్చిన దరఖాస్తులు మొదట చూసే పని చేశాను. ఒక ఉదయం ఇరవై మూడు మెయిళ్లు ఉన్నాయి. అందులో నాలుగింటిలో మా ప్రొఫెసర్ పేరు బదులు ఇంకో ప్రొఫెసర్ పేరు ఉంది. ఒకదాంట్లో ఫాంట్ మారిపోయింది, పేరు ఉన్న ఒక్క చోట మాత్రం. కాపీ చేసి అతికించారని దానర్థం. ఆ రోజు నేను ప్రొఫెసర్‌కు చూపించింది ఒకే ఒక్క మెయిల్. అందులో ఇంగ్లీషు తప్పులు ఉన్నాయి. కాని రెండో పేరాలో ఆ అబ్బాయి, మా పాత పేపర్‌లో ఒక పదార్థానికి ఇచ్చిన కార్బన్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో పీక్ ఒకటి తక్కువుందే, రెండు కార్బన్లు ఒకచోట కలిశాయా అని అడిగాడు. కలిశాయి. ప్రొఫెసర్ ఆ మధ్యాహ్నమే జవాబు రాశారు.

కాబట్టి ఇకమీదట నలభై వద్దు, ఆరు రాయండి. ఒక్కోదానికి రెండు రోజులు పెట్టండి. ఆ గ్రూపు పేపర్ ఒకటి పూర్తిగా, పట్టికలతో సహా చదవండి. పట్టికలో ఈల్డ్ ఎక్కడ పడిపోయిందో చూడండి, అసలు కెమిస్ట్రీ అక్కడ ఉంటుంది. ఉదాహరణకు ఇలా ఉండొచ్చు మీ వాక్యం: "మీ నికెల్ పేపర్‌లో ఆర్థో స్థానంలో మెథాక్సీ ఉన్న సబ్‌స్ట్రేట్ దగ్గర ఈల్డ్ సగానికి పడింది. అది జాగా చాలక జరిగిందా, ఆ ఆక్సిజన్ నికెల్‌ను పట్టుకోవడం వల్లా? ఆర్థో మిథైల్‌తో చేసి చూస్తే తేలుతుందేమో అనిపించింది." ఇది తప్పయినా ఫరవాలేదు. ఆలోచించారని తెలుస్తుంది. పొగడ్త ఒక్కటీ వద్దు. వాళ్ల పని గొప్పదని వాళ్లకు తెలుసు.

మొదటి పేరాలో మీరెవరు, ఏ సీటుకు రాస్తున్నారు, ఎప్పటి నుంచి చేరగలరు. రెండో పేరాలో మీరు చేతులతో ఏం చేశారు. మూడోది పైన చెప్పిన ప్రశ్న. అంతే, ఒక పేజీ దాటకూడదు. సబ్జెక్ట్ లైన్‌లో "అర్జెంట్" అనో "రిక్వెస్ట్" అనో రాయకండి, ప్రకటనలో ఉన్న సీటు పేరే రాయండి. సీవీలో మీరు వాడిన పరికరాలు రాసేటప్పుడు, నడిపినవీ చూసినవీ విడిగా రాయండి. ఎన్‌ఎమ్‌ఆర్ అని రాసేసి, తీరా అడిగితే శాంపిల్ ట్యూబు టెక్నీషియన్ చేతికి ఇచ్చానంటే నవ్వుతారు. ట్యూబు తయారుచేసి, వచ్చిన డేటాను మీరే ప్రాసెస్ చేశారనుకోండి, అదే రాయండి, అదీ పనే. ఫైలు పేరు "సీవీ ఫైనల్ కొత్తది 2" అని పంపకండి. పది పన్నెండు రోజులకు జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచెయ్యండి. రెండోసారి వద్దు.

ప్రొఫెసర్‌తో పాటు ఆ గ్రూపులో విద్యార్థి ఎవరికైనా విడిగా రాసి ఇవి అడగండి. మీ గైడ్ మీతో ఎన్నాళ్లకోసారి కూర్చుంటారు, ఒక ప్రాజెక్టు నడవకపోతే ఎవరు ఎప్పుడు ఆపుదామంటారు, సెలవు అడిగితే ఏమంటారు? ఈ మూడూ చాలు. ఫోన్‌లో మాట్లాడే వీలుంటే ఇంకా మంచిది, ఎందుకంటే మాట కంటే ముందు వచ్చే ఆ చిన్న ఆలస్యం మెయిల్‌లో వినబడదు.

ఇంటర్వ్యూ దాకా వెళ్తే, మీ స్పెక్ట్రమ్‌ల గురించి అడుగుతారు. నా మొదటి ఇంటర్వ్యూ ఇప్పటికీ మర్చిపోలేను. ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ ప్రింటు తీసి గర్వంగా బల్ల మీద పరిచాను. ఎదురుగా ఉన్నాయన పెన్సిల్‌తో మూడు పీక్‌ల కింద చుక్కలు పెట్టారు. 1.26 దగ్గర ట్రిప్లెట్, 2.05 దగ్గర సింగ్లెట్, 4.12 దగ్గర క్వార్టెట్. "ఇవేమిటమ్మా?" అన్నారు. నేను తడుముకోకుండా, నా పదార్థంలో ఉన్న ఈథైల్ గ్రూపువి అన్నాను. నా పదార్థంలో ఈథైల్ గ్రూపే లేదు. ఆయన ఏమీ అనకుండా, పక్కన పెన్సిల్‌తో "ఈథైల్ అసిటేట్" అని రాసి కాగితం నా వైపు తిప్పారు. కాలమ్‌లో వాడిన సాల్వెంట్ పూర్తిగా ఆరలేదు, అంతే. తెలియదు అని ఉంటే సీటు వచ్చేదేమో, బుకాయించాను కాబట్టి పోయింది. కాబట్టి మీ ప్రతి స్పెక్ట్రమ్‌లో ప్రతి పీక్ పక్కనా అదేమిటో రాసుకుని వెళ్లండి. తరచూ కనబడే సాల్వెంట్ పీక్‌లు గుర్తుపెట్టుకోండి: క్లోరోఫామ్ 7.26, డీసీఎమ్ (డైక్లోరోమీథేన్) 5.30, క్లోరోఫామ్‌లో నీళ్లు 1.56. తెలియని పీక్ ఉంటే తెలియదనే రాసుకోండి.

ఇంట్లో వాళ్ల భయం గురించి. అది ఉత్త భయమే అని కొట్టిపారెయ్యను. 1996లో కారెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త చేతి గ్లవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. ఆమె జాగ్రత్తగానే ఉన్నారు, గ్లవ్ వేసుకున్నారు, హుడ్‌లోనే పనిచేశారు. అది లేటెక్స్ గ్లవ్, ఆ పదార్థం దాన్ని దాటి లోపలికి పోతుందని అప్పటికి ఎవరూ అనుకోలేదు. మరుసటి ఏడు ఆమె చనిపోయారు. 2008 చివర్లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో 23 ఏళ్ల అమ్మాయి సిరంజితో టర్షరీ బ్యూటైల్ లిథియం తీస్తుంటే పిస్టన్ ఊడి వచ్చింది. ఆ ద్రవం గాలి తగలగానే అంటుకుంటుంది. ఆమె ల్యాబ్ కోట్ వేసుకోలేదు, ఒంటి మీద సింథటిక్ స్వెట్టర్ ఉంది. కాలిన గాయాలతో కొన్ని వారాలకే పోయింది. ఈ రెండూ నేను కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ చెప్పేదాన్ని, భయపెట్టడానికే చెప్పేదాన్ని. ఆ భయం చేతుల్లో ఉండాలి.

అయితే వేలమంది ముప్పై నలభై ఏళ్లు ఈ పని చేసి ఆరోగ్యంగా రిటైరయ్యారు, నేను వాళ్లలో ఒకదాన్ని. తేడా ఎక్కడొస్తుందంటే అలవాట్ల దగ్గర, వాటిని నేర్పిన గ్రూపు దగ్గర. నైట్రైల్ గ్లవ్ వేసుకున్నాను కదా అని డీసీఎమ్ చేతిమీద ఒలికినా పట్టించుకోనివాళ్లుంటారు, అది నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. గ్లవ్ వెంటనే తీసి పారెయ్యాలి. ఇంటర్వ్యూలో మీరూ ఒక ప్రశ్న అడగండి: బ్యూటైల్ లిథియం మొదటిసారి వాడే విద్యార్థి పక్కన ఎవరు నిలబడతారు? పేరుతో సహా జవాబు వస్తే ఆ ల్యాబ్‌కు పంపమని మీ ఇంట్లో వాళ్లకు నేనే చెబుతాను. "అందరూ నేర్చుకుంటారు లెండి" అని నవ్వేస్తే వద్దు.

ఇప్పుడు ఆ వయల్ తియ్యండి.

సుజుకి కప్లింగ్‌లో పల్లాడియం అనే లోహ ఉత్ప్రేరకం ఒక చేత్తో మీ బ్రోమైడ్‌ను పట్టుకుంటుంది, ఇంకో చేత్తో బోరోనిక్ ఆసిడ్ నుంచి ఫినైల్‌ను తీసుకుంటుంది, రెండిటినీ కలిపి వదిలేస్తుంది. సుజుకి గారికి 2010లో నోబెల్ వచ్చిన పని ఇదే. ఫ్లాస్కులో ఆక్సిజన్ మిగిలి ఉంటే పల్లాడియం దారి తప్పుతుంది. బ్రోమైడ్‌ను వదిలేసి, రెండు బోరోనిక్ ఆసిడ్‌ల నుంచి రెండు ఫినైల్‌లు తీసుకుని వాటినే ఒకదానికొకటి అతికిస్తుంది. దాన్ని హోమోకప్లింగ్ అంటారు. మీ విషయంలో అలా పుట్టేది బైఫినైల్. దానికి పోలారిటీ దాదాపు లేదు, కాలమ్‌లో అన్నిటికంటే ముందు దిగిపోతుంది. తెల్లటి స్ఫటికాలుగా ఉంటుంది. బోరోనిక్ ఆసిడ్ ఇలా ఖర్చయిపోతే బ్రోమైడ్‌కు జత దొరకదు, దాని స్పాట్ చివరిదాకా ప్లేటు మీద అలాగే కూర్చుంటుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ ఇక్కడ కలుస్తున్నాయి. సాల్వెంట్‌లో నైట్రోజన్ బుడగలు పంపి గాలి తీసేశారా? ఎంతసేపు? పల్లాడియం వెయ్యకముందా, వేశాకా? మూడుసార్లూ ఒకేలా చేసి ఉంటే మూడుసార్లూ ఒకేలా విఫలమవడంలో వింత లేదు.

ఊహతో ఆగకండి, తూకం వెయ్యండి. మీరు 1 మిల్లీమోల్ బ్రోమైడ్‌కు 1.2 మిల్లీమోల్ బోరోనిక్ ఆసిడ్ తీసుకున్నారనుకుందాం. వయల్‌లో 60 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. బైఫినైల్ అణుభారం 154, అంటే దాదాపు 0.39 మిల్లీమోల్. ఒక్కో అణువూ రెండు బోరోనిక్ ఆసిడ్‌లను మింగింది కాబట్టి 0.78 పోయింది. మిగిలింది 0.42. ఎంత బాగా జరిగినా మీకు 42 శాతం దాటదు. మిగతా తేడా, బోరాన్ ఊడిపోయి ఫినైల్ కాస్తా బెంజీన్‌గా మారి రోటావాప్‌లో ఎగిరిపోయి ఉండొచ్చు, అది ఏ ప్లేటు మీదా కనబడదు. మీ అసలు అంకెలు పెట్టి ఈ లెక్క మళ్లీ చెయ్యండి. పల్లాడియం అసిటేట్ వాడి ఉంటే, అది పనిలోకి దిగేముందు తనూ కాస్త బైఫినైల్‌ను తయారుచేస్తుంది, కాని అది ఉత్ప్రేరకం పాళ్లను మించదు.

ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ తియ్యగలిగితే తియ్యండి. మీ ప్రోడక్ట్‌కైనా, బ్రోమైడ్‌కైనా 2.6 ప్రాంతంలో అసిటైల్ మిథైల్ సింగ్లెట్ ఉంటుంది. వయల్‌లోది బైఫినైల్ అయితే అక్కడ ఏమీ ఉండదు, ఆరోమాటిక్ ప్రాంతంలోనే అన్నీ గుమిగూడతాయి. ఎన్‌ఎమ్‌ఆర్ దొరక్కపోతే మెల్టింగ్ పాయింట్ చాలు, అది పావుగంట పని. బైఫినైల్ 70 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీ ప్రోడక్ట్ 120 దగ్గర, బ్రోమైడ్ 50 దగ్గర. ఇంత దూరం దూరంగా ఉండడం మీ అదృష్టం.

70 దగ్గర కరిగితే, ఈసారి నైట్రోజన్ అరగంట పంపి, ఆ తర్వాతే పల్లాడియం వేసి నాలుగోసారి చెయ్యండి. ఈల్డ్ పెరిగినా పెరగకపోయినా, "22 శాతం వచ్చింది, బోరోనిక్ ఆసిడ్ ఎటు పోయిందో వెతికితే బైఫినైల్ రూపంలో ఇంత దొరికింది, అప్పుడు ఇలా మార్చాను" అని ఉత్తరం రెండో పేరాలో రాయండి. 50 దగ్గర కరిగినా, మసకమసకగా పది డిగ్రీల మేర కరిగినా నా అంచనా తప్పినట్టు. అప్పుడు వాడిన సాల్వెంట్, బేస్, ఉత్ప్రేరకం, టీఎల్‌సీ ప్లేటు ఫొటోతో నాకు మళ్లీ రాయండి. ఈసారీ పేరు రాయకపోయినా ఫరవాలేదు, మెల్టింగ్ పాయింట్ మాత్రం రాయండి.